1 మెగాహెర్ట్జ్ ఆప్-ఆంప్, 100 కిలోహెర్ట్జ్‌కే త్రికోణం ఎందుకు ఇస్తోంది?

తమ్ముడూ, శ్రీకాకుళం కాలేజీ ల్యాబ్‌లో ఎంసీపీ 6002 ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్)ని 5 వోల్టుల సప్లైతో బఫర్‌గా, అంటే ఇన్‌పుట్‌ని ఉన్నదున్నట్టు అవుట్‌పుట్‌కి ఇచ్చేలా పెట్టానన్నావు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర 2 వోల్టుల పీక్ సైన్ వేవ్ ఇస్తే త్రికోణం వస్తోంది, కేబుల్ తగిలిస్తే స్క్వేర్ వేవ్ అంచు ఊగుతోంది, చిప్ పోయిందా అని అడిగావు. చిప్ బాగానే ఉంది, పారేయకు.

విజయనగరంలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది నాకూ అచ్చం ఇలాగే అయింది. గంటస్తంభం వైపు షాపుకి వెళ్లి మూడుసార్లు చిప్ కొని మార్చాను. నాలుగోదీ త్రికోణమే చూపించేసరికి, మేమంతా బాబాయ్ అని పిలిచే ల్యాబ్ అసిస్టెంటు గారు వచ్చి, ఏమీ అనకుండా జనరేటర్ నాబ్ తిప్పి ఇన్‌పుట్‌ని 50 మిల్లీవోల్టులకు దించారు. స్కోపు మీద నున్నటి సైన్ వేవ్! ఆ రోజు నాకు అర్థమైంది: చిప్‌కి రాసే 1 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (పనిచేసే ఫ్రీక్వెన్సీ హద్దు) అన్నది చిన్న సిగ్నల్‌కి చెప్పిన మాట.

లోపల జరిగేది ఇది. చిప్ మొదటి స్టేజీ ఇచ్చే కరెంటుతో, చిప్ ఊగిపోకుండా లోపలే పెట్టిన కాంపెన్సేషన్ కెపాసిటర్ నిండాలి. సిగ్నల్ చిన్నదైతే ఇన్‌పుట్ ఎంత కదిలితే కరెంటు అంత మారుతుంది. పెద్దదైతే టెయిల్ కరెంటు (ఆ స్టేజీలోని రెండు ట్రాన్సిస్టర్లు పంచుకునే స్థిరమైన కరెంటు) మొత్తం ఒక ట్రాన్సిస్టర్ వైపే పోతుంది. కుళాయి పూర్తిగా తిప్పేశాక బిందె ఇంకా తొందరగా నిండదు కదా! ఆ కరెంటుని కెపాసిటెన్స్‌తో భాగిస్తే వచ్చేదే స్లూ రేటు, అంటే అవుట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం. ఈ చిప్‌కి అది మైక్రోసెకనుకి 0.6 వోల్టులు. నీ సైన్ వేవ్ సున్నా దాటేచోట అడిగేది 2పై ఇంటూ ఫ్రీక్వెన్సీ ఇంటూ పీక్, అంటే మైక్రోసెకనుకి దాదాపు 1.26 వోల్టులు. రెట్టింపు! 2 వోల్టుల పీక్‌తో 48 కిలోహెర్ట్జ్ దాకానే వెళ్లగలవు.

ఇక కేబుల్ సంగతి. మీటరు కోయాక్స్ (ల్యాబ్‌లో వాడే కవచం ఉన్న కేబుల్)కి సుమారు 100 పికోఫారాడ్లు ఉంటాయి. ఆ బరువు అవుట్‌పుట్ మీద పడితే రెండో పోల్ (సిగ్నల్ అదనంగా వెనకబడడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) కిందికి దిగి, ఫేజ్ మార్జిన్, అంటే ఫీడ్‌బ్యాక్ ఊగిపోవడానికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెప్పే అంకె, తగ్గుతుంది. మామూలు రెండు పోల్స్ లెక్కలో మార్జిన్ 60 డిగ్రీలైతే స్టెప్ 9 శాతం దాకా పైకెగురుతుంది, 45 అయితే 23 శాతం. కాబట్టి 50 మిల్లీవోల్టుల స్టెప్ ఇచ్చి ఎంత ఎగురుతోందో కొలువు, మార్జిన్ ఎంతో తెలిసిపోతుంది. పెద్ద స్టెప్‌తో మాత్రం కొలవకు, స్లూ రేటు అడ్డొచ్చి లెక్క తప్పుతుంది.

మందు తేలికే. అవుట్‌పుట్ పిన్‌కీ కేబుల్‌కీ మధ్య కొన్ని వందల ఓముల రెసిస్టర్ పెట్టి, ఊగడం ఆగేదాకా స్కోపు చూస్తూ విలువ పెంచుకుంటూ పో. ఫీడ్‌బ్యాక్ మాత్రం రెసిస్టర్‌కి ముందు, పిన్ దగ్గరే తీసుకో.