‘అకాత్సుకి నో యోనా’లో యువరాణి ఎప్పుడు బలపడుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఇంటర్ చదువుతున్న మీ చెల్లెలితో కలిసి ‘అకాత్సుకి నో యోనా’ మూడు ఎపిసోడ్లు చూశారు, ధైర్యవంతురాలైన యువరాణి కథ అని విని మొదలుపెడితే ఆమె బాధపడటం, అంగరక్షకుడి వెనక నడవడం తప్ప ఏమీ చేయడం లేదు, ఈ అమ్మాయి ఎప్పటికి బలపడుతుంది, ముందుకు చూడటంలో అర్థం ఉందా అని అడిగారు. ఉంది. ఆరో ఎపిసోడ్ వరకు ఓపిక పడితే మొదటి మలుపు వస్తుంది. అయితే ఆమె అసలు బలం ఇంకా చాలా తర్వాత, ఆవా రేవుకు చేరాక గాని బయటపడదు. నేను దీన్ని కాలేజీ రోజుల్లో ఒకసారి, నిరుడు వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురితో మరోసారి చూశాను. మీకు విసుగు తెప్పిస్తున్న ఆ మొదటి ఎపిసోడ్లు లేకపోతే తర్వాతి కథకు బరువే ఉండదని నా అభిప్రాయం. అది వివరించాలంటే మీరు చూసిన భాగం దాటి కొన్ని సంఘటనలు చెప్పక తప్పదు గాని, దాచి ఉంచవలసిన రహస్యాల జోలికి పోను.

ఈ అనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) చూడని పాఠకుల కోసం రెండు మాటలు. మిజుహో కుసనాగి 2009 నుంచి ‘హానా టు యుమె’ పత్రికలో ధారావాహికగా ప్రచురించిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, దీనికి మూలం. స్టూడియో పియెరో దాన్ని కజుహిరో యొనెదా దర్శకత్వంలో 24 ఎపిసోడ్లుగా తీయగా, 2014 అక్టోబరు నుంచి 2015 మార్చి వరకు జపాన్‌లో ప్రసారమైంది. కథ జరిగే కోకా రాజ్యం కల్పితమే అయినా పేర్లు, దుస్తులు, ఐదు తెగల ఏర్పాటు ప్రాచీన కొరియాను, ముఖ్యంగా గోగుర్యో రాజ్యాన్ని తలపిస్తాయి. పదహారో పుట్టినరోజు నాటి రాత్రి యోనా తన తండ్రి ఇల్ రాజు గదికి వెళ్లేసరికి, తాను చిన్ననాటి నుంచి ప్రేమిస్తున్న సూ-వోన్ ఆయనను కత్తితో పొడిచి ఉంటాడు. గాలి తెగ సేనాని, ఆమె అంగరక్షకుడు అయిన హాక్ రాత్రికి రాత్రే ఆమెను కోట దాటిస్తాడు.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పడం మంచిది. సూ-వోన్ ఇల్ రాజు అన్న యూ-హోన్ కొడుకు, అంటే యోనాకు పెదనాన్న కొడుకు. మన వరసల ప్రకారం అన్న కావలసిన వాడిని ఆమె పెళ్లాడాలనుకోవడం పక్కన కూర్చుని చూస్తున్న మా అక్కకు ఎంతకీ మింగుడు పడలేదు. కొరియాలోని సిల్లా, గోర్యో రాజవంశాల్లో దగ్గరి రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు జరిగిన చరిత్ర ఉందని చెప్పాక గాని ఆమె కథలో పడలేదు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు చూస్తుంటే ఈ మాట ముందుగానే చెప్పి ఉంచండి.

ఇక మీ ఫిర్యాదు విషయానికి వస్తాను. మూడో ఎపిసోడ్‌లో యోనాను మరోసారి జాగ్రత్తగా గమనించండి. ఆమె ఏడ్చేది తక్కువ. మాట్లాడటం, తినడం, చుట్టూ చూడటం మానేస్తుంది. యోనాకు గొంతు ఇచ్చిన చివా సైతో మొదటి ఎపిసోడ్‌లో గారాబంగా, చిరాకుగా, గలగలా మాట్లాడిన అమ్మాయిని ఇక్కడ దాదాపు మూగదాన్ని చేసింది. సూ-వోన్ కానుకగా ఇచ్చిన తల ఆభరణం పోయిందని ఆమె అర్ధరాత్రి అడవిలోకి వెళ్లి పాముల మధ్య చిక్కుకుంటుంది. తండ్రిని చంపినవాడు ఇచ్చిన వస్తువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏమిటని మా అక్క కూతురికి కోపం వచ్చింది. కానీ ఒక్క రాత్రిలో ప్రేమ పగగా మారిపోదు కదా. ఆ మాట ఒప్పుకునే ధైర్యం ఈ కథకు ఉంది గనుకనే, తర్వాత ఆమె వేసే ప్రతి అడుగూ నమ్మదగినదిగా ఉంటుంది.

ఆమె మొదటిసారి సొంత నిర్ణయం తీసుకునేది హాక్ పుట్టింటి లాంటి ఫూగా పట్టణంలో. సూ-వోన్ పట్టాభిషేకానికి గాలి తెగ ఒప్పుకోవాలని ఒత్తిడి తెచ్చేందుకు అగ్ని తెగవాళ్లు ఎగువన నదికి అడ్డుకట్ట వేసి ఆ ఊరికి నీళ్లు రాకుండా చేస్తారు. తన తెగకు ముప్పు రాకూడదని హాక్ సేనాని పదవిని, ఇంటిపేరును వదులుకుని ఒంటరిగా వెళ్లిపోవాలనుకుంటాడు. అప్పుడు యోనా అతణ్ణి పెంచిన ముందోక్ తాతతో హాక్‌ను తనకు ఇవ్వమని అడుగుతుంది. కోటలో అడిగినవన్నీ పొందిన అమ్మాయి కోట వదిలాక మొదటిసారి అడిగినది అది. ఆరో ఎపిసోడ్‌లో అగ్ని తెగ అధిపతి కొడుకు తే-జున్ కొండ అంచున ఆమె జుట్టు పట్టుకుని ఆపుతాడు. విషపు బాణం తగిలిన హాక్ అక్కడే అంచు పట్టుకుని వేలాడుతుంటాడు. యోనా కత్తి దూసి, తాను ఎప్పుడూ ఇష్టపడని ఆ ఎర్రని జుట్టునే తెగ్గోసుకుని హాక్ వైపు పరుగెత్తుతుంది. చాలామంది గుర్తుపెట్టుకునే దృశ్యం ఇదే. కానీ ఆమె అప్పుడు ఎవరినీ గెలవలేదు, ఇద్దరూ లోయలో పడిపోయారు. కోల్పోవడానికి సిద్ధపడింది, అంతే.

నాకు అంతకంటే విలువైనది ఆ తర్వాత వచ్చే విలువిద్య సాధన. అప్పట్లో నేను విజయవాడలో వెదురు విల్లుతో వేసే ఇండియన్ రౌండ్ అనే విలువిద్య విభాగం నేర్చుకుంటున్నాను కాబట్టి ఆ దృశ్యాలు నాకు బాగా దగ్గరగా తోచాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదట బాణం చేతికివ్వరు. రబ్బరు పట్టీ లాగిస్తూ భుజానికి, వెన్నుకు ఆ కదలిక అలవాటు చేయిస్తారు. బాణం ఇచ్చాక, విల్లు పట్టిన చేయి మోచేతి దగ్గర కాస్త లోపలికి తిరిగి ఉందంటే వదిలిన నారి ముంజేతిని చర్రున కొడుతుంది, సాయంత్రానికి అక్కడ చర్మం కమిలి నల్లబడుతుంది. నారి లాగే మూడు వేళ్ల చివరలూ మొద్దుబారి అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బంది పెడతాయి. ఇంత జరిగినా బాణం బోర్డుకు తగలదు. యోనా విషయంలోనూ అంతే. కూతురు ఆయుధం ముట్టుకోవడానికి ఒప్పుకోని ఇల్ రాజు మాట మీరుతున్నానే అని హాక్ మథనపడుతూనే, శత్రువుకు దూరంగా నిలబడి వాడగలిగే ఆయుధమని ఆమెకు విల్లు ఇస్తాడు. రాత్రి అందరూ పడుకున్నాక ఆమె ఒక్కతే చెట్ల మధ్య బాణాలు వేస్తూ ఉంటుంది. ఆమెలో పుట్టుకతో దాగిన దివ్యశక్తి ఏదో ఉన్నపళంగా మేలుకోవడం లాంటిది ఇక్కడ ఉండదు. సాధనను తెరమీద ఇంత సేపు, ఇంత నిజాయితీగా చూపిన అనిమేలు నేను తక్కువగా చూశాను.

కథలో దివ్యశక్తులు లేవని కాదు, అవి ఆమె చుట్టూ ఉన్నవాళ్లకు ఉన్నాయి. లోయలో పడిన ఇద్దరినీ కాపాడిన పూజారి ఇక్-సూ చెప్పిన జోస్యం ప్రకారం ఆమె నలుగురు డ్రాగన్ యోధులను వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఒకరికి కుడిచేతిలో, ఒకరికి కళ్లలో, ఒకరికి కాలిలో డ్రాగన్ బలం ఉంటుంది. ఇంతమంది యోధులు వెంట ఉన్న యువరాణికి విల్లుతో పనేమిటని మీ చెల్లెలు అడగవచ్చు, మా అక్క కూతురూ అడిగింది. దానికి జవాబు ఆవా రేవులో దొరుకుతుంది.

ఆవాలో అధికారి యాంగ్ కుమ్-జీ ఊరి ఆడవాళ్లను ఎత్తుకుపోయి పొరుగు దేశానికి అమ్ముతుంటాడు. వాడిని ఎదిరిస్తున్నది గిగాన్ అనే వృద్ధురాలు నడిపే ఓడదొంగల గుంపు. తనను చేర్చుకోవాలంటే సముద్రపు కొండచరియ మీద పెరిగే ఒక మూలికను తీసుకురమ్మని గిగాన్ యోనాకు పరీక్ష పెడుతుంది. యోనా వణుకుతుంది, కాలు జారుతుంది, అయినా మూలికతోనే తిరిగి వస్తుంది. ఆ తర్వాత బందీలున్న ఓడలోకి ఎరగా వెళ్లడానికి ఆమే ముందుకు వస్తుంది, ఇక్-సూ దగ్గర ఉంటూ వాళ్ల వెంట బయలుదేరిన కుర్రాడు యూన్ ఆడవేషంలో తోడు వెళతాడు. లోపలి నుంచి బాణసంచా వెలిగించి తమ ఓడ ఎక్కడుందో స్నేహితులకు తెలియజేయడం వాళ్ల పని. చివరకు తప్పించుకుపోతున్న కుమ్-జీ మీద ఆమె బాణం ఎక్కుపెడుతుంది. కదిలే ఓడ మీద నుంచి కదిలే పడవలోని మనిషిని కొట్టడం ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకే కష్టం. కథ కోసం ఆ కాలాన్ని కుదించారు, నాకు అది కాస్త వెలితిగానే అనిపించింది. అయితే ఆ పని మరొకరికి అప్పగించకుండా తన చేత్తో చేయడం ముఖ్యం, ఎందుకంటే కుమ్-జీ లాంటివాళ్లు పెరిగినది తన తండ్రి పాలనలోనే అని ఆమెకు అప్పటికి తెలిసివస్తుంది.

నా దృష్టిలో యోనా బలం అంటే ఇదే. ఇల్ రాజు మంచి తండ్రి, మెత్తనివాడు, ఆయుధమంటే, యుద్ధమంటే గిట్టనివాడు. ఆ మెత్తదనం వల్లనే సరిహద్దుల్లో అన్యాయం, అగ్ని తెగ నేలలో ఆకలి పాతుకుపోయాయి. బీద పల్లెలో పుట్టి తిండి కోసం దొంగతనం చేసి బతికిన యూన్‌కు ఆ రాజు మీద గౌరవమే లేదు. మరోవైపు సూ-వోన్ సమర్థుడైన రాజు. భూమి తెగ రాజధానిలో ఉత్సవం పేరిట ఉత్తుత్తి యుద్ధం జరిపి, ఆ ఊరి టీకి గిరాకీ పెంచి, తనను లెక్కచేయని సేనాని గెన్-తే మనసు గెలుచుకునే ఎపిసోడ్ చూస్తే అతణ్ణి మెచ్చుకోకుండా ఉండలేం. ఆవా వీధిలో యోనా ఎదురుపడినప్పుడు ఆమెను తన మనుషుల కంట పడకుండా కప్పి వెళ్లిపోతాడు కూడా. ప్రేమించిన తండ్రి చెడ్డ రాజు, తండ్రిని చంపినవాడు మంచి రాజు అని తెలిశాక కూడా కుంగిపోకుండా, పగ కోసం పరుగెత్తకుండా, తండ్రి పట్టించుకోని ఊళ్లకు తానే నడిచి వెళ్లడానికి ఎంత నిబ్బరం కావాలి! కోట గోడల మధ్య అద్దం ముందు జుట్టు గురించి బాధపడిన అమ్మాయిని మనం మొదట చూసి ఉండకపోతే ఈ దూరం మనకు తెలిసేది కాదు.

మీ చెల్లెలి వయసుకు ఇందులో అభ్యంతరకరమైనది పెద్దగా లేదు. రక్తం కనిపిస్తుంది, ఆవా కథలో ఆడవాళ్ల అమ్మకం ఉంది; ఆ ఎపిసోడ్లు పక్కన ఉండి చూడండి. గంభీరమైన సన్నివేశం మధ్యలో పాత్రల ముఖాలను బొమ్మల్లా కుదించి నవ్వించడం కొందరికి నచ్చదు, నాలుగైదు ఎపిసోడ్లకు అలవాటవుతుంది. మొదటి ఓపెనింగ్‌ను మాత్రం దాటవేయకండి. అనిమేల్లో అరుదుగా, మాటలే లేని వాద్య సంగీతం అది, కునిహికో రియో కూర్చినది.

24వ ఎపిసోడ్‌తో కథ ముగియదని ముందే తెలిసి ఉంటే నిరాశ పడరు. నాలుగో డ్రాగన్ జెనో వచ్చి చేరడంతో అనిమే ఆగుతుంది. అది మాంగాలో ఎనిమిదో సంపుటం చివర. ఇంగ్లీషు అనువాదాన్ని విజ్ మీడియా ప్రచురించింది, తొమ్మిదో సంపుటం నుంచి చదవడం మొదలుపెట్టవచ్చు. 2016లో వచ్చిన రెండు ఓవీఏలు (టీవీలో కాకుండా విడిగా విడుదల చేసే ఎపిసోడ్లు) జెనో గతాన్ని చెబుతాయి. అవి ఎంత బాగున్నా, మాంగాలో చాలా తర్వాత తెలియవలసిన సంగతిని ముందే బయటపెట్టేస్తాయి కాబట్టి, మీ చెల్లెలు మాంగా చదువుతానంటే వాటిని అప్పటిదాకా పక్కన పెట్టించండి.