పాఠకుల ప్రశ్నలు: కాటన్ దొర చివరి ఊళ్ళో ఏం వెతకాలి?

ప్రశ్న: మా అబ్బాయికి ఇంగ్లండులో సర్రేలో ఉద్యోగం. కాటన్ దొర చివరిరోజులు గడిపిన డార్కింగ్ వాడికి దగ్గరే. ఆ ఊళ్ళో అడిగితే ఆయనెవరో ఎవరికీ తెలియలేదట. ఆయన ఇల్లు, ఆనాటి వీధి సంగతులు ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: తెలియకపోవడం వింతేమీ కాదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన మనిషికి మన దగ్గర ఊరూరా విగ్రహాలు. డార్కింగులో ఆయన పదవీ విరమణ చేసిన సైనికాధికారి, అంతే. పనివాళ్ళు సారాకొట్ల దారి పట్టకుండా 1870ల్లో అక్కడ కాఫీ హోటలు నడిపింది ఆయన కూతురు ఎలిజబెత్. కాబట్టి తండ్రి పేరు ఒక్కటే పట్టుకుని వెతకొద్దు.

ముందు ఇల్లు తేల్చుకోవాలి, మనిషి సంగతి తరవాత. ఆ ఇంటి పేరు వుడ్‌కాట్. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో మైలుకు ఇరవై అయిదు అంగుళాల కొలతతో గీసిన ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే శాఖ) పటాలు ఉచితంగా చూడొచ్చు. పెద్ద ఇళ్ళ పేర్లు చాలావరకు పటం మీదే అచ్చయి ఉంటాయి. ఇల్లు ఏ రోడ్డు పక్కన ఉందో, చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో రాసుకుని అప్పుడు జనాభా లెక్కలు తెరవాలి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. జనాభా లెక్కల పుటలో మొదటి గడిలో ఉన్న అంకె ఇంటి నంబరు కాదు, లెక్కలవాడు కాగితాలకు వేసుకున్న వరస సంఖ్య. దాన్ని పట్టుకుని ఈనాటి వీధిలో గుమ్మాలు లెక్కపెడితే ఎవరింట్లోనో తేలతారు. ఇంకో చిక్కు, లెక్క తీసిన రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళనే రాశారు. 1881లో ఏప్రిల్ 3, 1891లో ఏప్రిల్ 5. ఇంటాయన ఊరెళ్తే ఆ పుటలో పనివాళ్ళే కనపడతారు, ఆయన వేరే ఊరి లెక్కలో ఉంటాడు. పేరు తప్పుగా ఎక్కించి ఉంటే పుట్టిన చోటు, వయసు పెట్టి వెతకాలి. ఆయన పుట్టింది 1803లో.

కాటన్ పోయింది 1899 జులై 24న. వీలునామాల వార్షిక సూచికలో 1899తో పాటు 1900 కూడా చూడమనండి. అది చనిపోయిన ఏడాదిని బట్టి కాదు, కోర్టు అనుమతి ఇచ్చిన ఏడాదిని బట్టి ఉంటుంది. సమాధి డార్కింగ్ శ్మశానంలోనే ఉంది. ముసలితనంలో లోతు దుక్కి దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు కనక, స్థానిక పత్రికల్లో వ్యవసాయం వార్తలూ తిరగేయడం మంచిది. ఆ పత్రికలను ఆన్‌లైన్‌లో వెతికితే కంప్యూటరు పాత అచ్చును తప్పుగా చదువుతుంది, కాబట్టి వుడ్‌కాట్ అన్న పేరుతో విడిగా ఒకసారి వెతకాలి.

అసలు కాగితాలు వోకింగ్‌లోని సర్రే హిస్టరీ సెంటర్లో దొరుకుతాయి. ఏమేం కావాలో ముందే రాసి పంపి, పెన్ను ఇంట్లో వదిలి పెన్సిలు పట్టుకెళ్ళాలి. డార్కింగ్ వెస్ట్ స్ట్రీట్‌లో మ్యూజియం ఉంది, అక్కడ కూడా అడగొచ్చు.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. గోదావరి జిల్లా పాత రికార్డుల్లో 1910 నాటి మా ఊరి ఊసే లేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: 1904లో భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలను గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాలో కలిపారు. నరసాపురం తాలూకా కూడా వెళ్ళింది, నగరం లంక మాత్రం గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. కాబట్టి మధ్యలోని ఆ ఇరవై ఒక్క ఏళ్ళకూ కృష్ణా జిల్లా కాగితాలు అడగండి. అంతకుముందువి గోదావరి జిల్లా పేరు మీదే ఉంటాయి. ఊరి గుళ్ళో శాసనం ఉంటే శక సంవత్సరానికి 78 కలిపితే సుమారు క్రీస్తు శకం వస్తుంది. అక్షరాల మీద సున్నం, రంగు వేయనివ్వకండి, ఎండ ఏటవాలుగా పడే పొద్దుట పూట ఫొటో తీయించండి.