ఆటిజం ఉన్న మా అబ్బాయి ఐబీ ఉద్యోగానికి పనికిరాడా?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయికి 24 ఏళ్ళు, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. తొమ్మిదేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. శాటిలైట్ ఫొటోల్లో మనకి కనపడనివి కూడా పట్టేస్తాడు. ఇజ్రాయెల్‌లో ఇలాంటి పిల్లల్ని ఇంటెలిజెన్స్‌లోకి తీసుకుంటున్నారు. ఇక్కడేమో రెండేళ్ళ కిందట ఐబీ (కేంద్ర నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరో) ఎగ్జిక్యూటివ్ పోస్టు నోటిఫికేషన్‌లో ఈ పోస్టు అనుకూలం కాదు, దివ్యాంగులు అప్లై చేయక్కర్లేదన్నారు, వాడు కుంగిపోయాడు. ఆ కాపీ ఇప్పుడు మా దగ్గర లేదు, దివ్యాంగుల సర్టిఫికెట్ తీయించలేదు, అప్పటి ప్రైవేట్ రిపోర్టు ఒక్కటే ఉంది. ఆటిజం సంగతి దాచి అప్లై చేయమని తెలిసినాయన అంటున్నాడు. ఈ పని వాడికి సరిపోదా? కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, వాడికి సరిపోతుందా లేదా అన్నది కోర్టు మొదట చూడదు. ఆ పోస్టుకి చట్టం నుంచి మినహాయింపు ఇస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందా లేదా, మొదట చూసేది అదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఉద్యోగంలో వివక్ష వద్దంటుంది, కానీ పని స్వభావాన్ని బట్టి ఫలానా సంస్థకి వర్తించదని నోటిఫై చేసుకునే వీలు కూడా అక్కడే ఉంది. 2021 ఆగస్టు 18న ఐపీఎస్‌కీ, సీఆర్‌పీఎఫ్ లాంటి బలగాల్లో పోరాట పోస్టులకీ అలాగే మినహాయింపు ఇచ్చారు. మీ పోస్టుకి అలాంటి ఉత్తర్వు ఉంటే దాన్నే సవాలు చేయాలి, అది కష్టం. లేకపోతే "అనుకూలం కాదు" అన్న ఒక్క లైన్‌ని ప్రశ్నించడానికి గట్టి పాయింట్ దొరికినట్టే.

ఇజ్రాయెల్ మాట నిజమే, 2013 నుంచి అక్కడి సైన్యం యూనిట్ 9900లో శాటిలైట్ ఫొటోలు చూడ్డానికి ఆటిజం ఉన్న యువతకి శిక్షణ ఇచ్చి తీసుకుంటోంది. అది మనకి హక్కు ఇవ్వదు, ఈ పని చేయగలరని చూపించే కాగితంగా మాత్రం జత చేయొచ్చు. ఐబీ ఎగ్జిక్యూటివ్ అంటే బయట తిరిగి మనుషుల్ని కలిసే పని కూడా ఉంటుంది, కాబట్టి ఏ పోస్టు మీద కొట్లాడుతున్నామో ముందే తేల్చుకోవాలి.

ఇక గడువు. క్యాట్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి) వెళ్ళడానికి మామూలుగా ఒక్క ఏడాదే టైం, మీరు రెండేళ్ళు ఊరుకున్నారు, పైగా ఆ నోటిఫికేషన్ కాపీ కూడా దాచుకోలేదు, వాడికి సర్టిఫికెట్టే తీయించలేదు, పదిహేనేళ్ళ కిందటి ప్రైవేట్ రిపోర్టు పట్టుకుని ఏ కోర్టుకి వెళ్తారమ్మా? పాతది వదిలేయండి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు పరీక్షకి ముందే సవాలు చేయాలి, అభ్యంతరం చెప్పకుండా రాసేసి ఫెయిలయ్యాక రూల్ తప్పంటే కోర్టు వినదు.

దాచే పని మాత్రం అస్సలు వద్దు. మెడికల్ ఫారంలో అడిగిన చోట అబద్ధం రాసి సంతకం పెడితే తర్వాతెప్పుడైనా తీసేయొచ్చు, ముఖ్యమైన సంగతి దాచి చేరినవాళ్ళని తొలగించే అధికారం ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలే ఐబీ, వెరిఫికేషన్ వాళ్ళ రోజువారీ పని. అలాగని వేరే వైకల్యం పేరుతో దొంగ సర్టిఫికెట్ జోలికీ పోకండి, అదే దివ్యాంగుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ముందు సచివాలయంలో సదరం (ప్రభుత్వ వైకల్య నిర్ధారణ పరీక్ష) స్లాట్ బుక్ చేసి అసెస్‌మెంట్ చేయించండి, వైకల్యం 40 శాతం వస్తే రిజర్వేషన్ ఉంటుంది, తక్కువొచ్చినా వివక్ష వద్దన్న 20వ సెక్షన్ ఉంటుంది. ఆర్టీఐ ఐబీకి పెట్టకండి, ఆర్టీఐ చట్టం 24వ సెక్షన్ కింద వాళ్ళకి మినహాయింపు, ఢిల్లీలోని దివ్యాంగుల సాధికారత శాఖకి పెట్టి ఆ పోస్టు మినహాయింపు ఉత్తర్వు కాపీ అడగండి. ఈలోగా వాణ్ణి ఖాళీగా కూర్చోబెట్టకండి, ఎస్సెస్సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష) నోటిఫికేషన్‌లో ఏ పోస్టు ఏ వైకల్యానికి అనుకూలమో రాసి ఉంటుంది, స్టాటిస్టిక్స్ పోస్టులు చూసి అప్లై చేయించండి.