రొట్టె చీలితే కృష్ణ, అంచు పగిలితే తుంగభద్ర

ప్రశ్న: నా జొన్నరొట్టె గుండ్రంగనే మొదలయితది, పెనం మీదికి పోయేసరికి పాత మహబూబ్‌నగర్ జిల్లా పటమయితది. పగుళ్ల మీద వేలు పెట్టి మా ఇంటాయన నదుల పేర్లు చదువుతున్నడు. ఏం జెయ్యాలె?
– ఒక గృహిణి, వనపర్తి

జవాబు: చదవనియ్యండమ్మా, కాకపోతే సరిగ్గా చదవమనండి. తుంగభద్ర ఆ పటానికి దక్షిణపు అంచు. కృష్ణ మాత్రం నడిగడ్డను, అంటే ఈ రెండు నదుల నడుమ నేలను, వేరు చేస్తూ లోపలి నుంచి పోతుంది. మీ రొట్టె రోగం కూడా అట్లనే తెలుస్తుంది.

అంచు పగిలితే తప్పు పిండి కలపడంలో ఉంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురు లేదు, మసిలే నీళ్లు పడితేనే పట్టు వస్తుంది. రెండు గ్లాసుల పిండికి గ్లాసున్నర నీళ్లు ఉప్పేసి మరిగించి, పిండిలో పోసి గంటెతో కలిపి, పది నిమిషాలు మూత పెట్టండి. తర్వాత ఒక్కో ముద్దను అరచేతి మడమతో నున్నగా అయ్యేదాకా మెదపండి. నీళ్లు ఒకేసారి పొయ్యకుండా కొన్ని ఆపుకోండి, పిండిని బట్టి పడతాయి. పట్టించి నెల దాటిన పిండయితే ఎంత మెదిపినా లొంగదు.

నడుమ చీలితే తప్పు తడిబట్టది. రొట్టె పెనం మీద వెయ్యగానే పైనున్న పొడిపిండి పోయేటట్టు అంతటా తుడవాలి. తడి తగలని చోటే చీలుతుంది. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పండి.

ప్రశ్న: సంక్రాంతికి చేసిన సకినాలు కొరుకబోతే మా మామయ్యకు పన్ను కదిలింది. ఇప్పుడు చుట్టాలు నన్ను "పళ్ల డాక్టరమ్మా" అంటున్నరు.
– కొత్తకోడలు, దేవరకొండ

జవాబు: కొన్న పొడిపిండి వాడారేమో చూసుకోండి. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి ఉండగానే పట్టించి జల్లించాలి. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు. చుట్టేటప్పుడు తెగుతుంటే నీళ్లు తక్కువ, బట్ట మీద పరుచుకుంటే ఎక్కువ. బట్ట చెమ్మ పీల్చుకున్నాక అట్లకాడతో లేపి నూనెలో వెయ్యండి. మరీ ఎండనిస్తే మళ్లీ రాయే. ఈసారి మొదటి సకినం మామయ్యగారికి కాదు, మిమ్మల్ని డాక్టరమ్మా అన్నవాళ్లకు పెట్టండి.

ప్రశ్న: నేను తపాలచెక్క అంటే మా వదినె సర్వపిండి అంటది, కరీంనగర్ తోటికోడలు గిన్నప్ప అంటది. పేరు తేలేలోపల అడుగు మాడుతున్నది!
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మూడు పేర్లూ గిన్నెవే, లోపలి బియ్యప్పిండి ఒక్కటే. కొట్లాట మానేసి మంట తగ్గించండి. గిన్నెకు నూనె రాసి పిండి పలచగా ఒత్తి, వేలితో నాలుగైదు బొక్కలు పెట్టి ఒక్కోదాంట్లో నాలుగు చుక్కల నూనె వెయ్యండి. మూత పెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. మొదటిది బాగా వచ్చి రెండోది పాడయ్యేది ఎందుకంటే, వేడి గిన్నెలో పిండి అంటదు, చేతులు అంటుకుంటాయి. రెండు గిన్నెలు పెట్టుకోండి: ఒకటి పొయ్యి మీద, ఒకటి చల్లారుతూ. వదినెకొకటి, తోటికోడలికొకటి ఇస్తే సరి.

ప్రశ్న: పచ్చిపులుసు చూసి పట్నం అల్లుడు "ఇది ఎప్పుడు ఉడుకుతది?" అన్నడు.
– నల్లగొండ

జవాబు: "ఉడకనే ఉడకది బిడ్డా, ఉల్లిగడ్డలు పిసుకు" అని గిన్నె ఆయన ముందే పెట్టండి. మిక్సీలో వెయ్యనివ్వకండి, చేదెక్కుతుంది.