కంప్యూటర్ సందేహాలు: మిల్లు లెక్కలకు ఏ రిపోర్టు సాఫ్ట్‌వేర్?

ప్రశ్న: మా ధాన్యం కొనుగోళ్లు, కాటా తూకాలు, రైతుల చెల్లింపులు అన్నీ మైక్రోసాఫ్ట్ వారి ఉచిత డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నాయండి. ఊరివారీ పట్టీ కావాలి, ప్రతి పేజీ కింద అప్పటిదాకా అయిన మొత్తం పడాలి. ఒకరు క్రిస్టల్ రిపోర్ట్స్ అంటారు, ఇంకొకరు పవర్ బీఐ అంటారు. ఏది తీసుకోమంటారు?
*రైసు మిల్లు గుమాస్తా, మండపేట*

జవాబు: పేరు తేల్చేముందు ఇప్పుడు ఎక్సెల్‌లోనో చేత్తోనో తయారుచేస్తున్న కాగితాలన్నీ బల్ల మీద పరవండి. వాటిలో బాగా విసిగించేది ఒకటుంటుంది. కొనబోయే సాఫ్ట్‌వేర్‌తో ముందు దాన్నే, మీ సొంత డేటాతో, మీ సొంత ప్రింటరు మీద తీయించండి. డెమోలో రంగురంగుల బొమ్మలు అందరూ చూపిస్తారు.

మీ ఉత్తరాన్ని బట్టి చిక్కంతా పేజీ కింది మొత్తంలోనే ఉంది. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఈ పనికి కాదు. అది తెర మీద చూసుకోవడానికి. పన్నెండు పేజీల పట్టికను అందులోంచి పీడీఎఫ్ తీస్తే, తెర మీద కనిపించినంత ముక్కే వస్తుంది. క్రిస్టల్‌లో పని అవుతుంది గానీ డిజైనర్‌కు లైసెన్సు కొనాలి. పాత డిజైనర్లు 32 బిట్‌వి కాబట్టి డేటాబేసుతో కలిపే ఓడీబీసీ కనెక్షన్‌ను కూడా విండోస్‌లోని 32 బిట్ ఓడీబీసీలోనే పెట్టాలి. 64 బిట్ దానిలో పెట్టి, "డేటాసోర్స్ కనిపించడం లేదు" అని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

మీ డేటా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనే ఉంది కాబట్టి మైక్రోసాఫ్ట్ రిపోర్ట్ బిల్డర్‌తో మొదలుపెట్టండి. ఉచితం, రిపోర్టు సర్వర్ లేకుండానే డిజైన్ చేసి ప్రింటు తీసుకోవచ్చు. పట్టికలో ఒక అదనపు గడి చేర్చి, రన్నింగ్‌వాల్యూ ఫంక్షన్‌తో అందులో రన్నింగ్ టోటల్ (అప్పటిదాకా అయిన మొత్తం) వేయండి. పేజీ ఫుటర్‌లో లాస్ట్ ఫంక్షన్‌తో, రిపోర్ట్‌ఐటమ్స్ ద్వారా, ఆ గడి విలువను పిలవండి. ఆ గడిని దాచకుండా కనిపించనివ్వండి, ఆడిటరుకూ పనికొస్తుంది.

ఇందులో అందరికీ ఎదురయ్యేవి రెండు. మొదటిది, పేజీ పేజీకీ మధ్య తెల్ల కాగితం రావడం. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున మార్జిన్ వదిలితే బాడీకి మిగిలేది 18. ఒక కాలమ్‌ను జరపబోయి బాడీ 18.2 అయిందంటే చాలు, ఆ మిగిలిన రవ్వంత కోసం ఇంకో కాగితం ఖర్చు. రెండోది, రెండో పేజీలో హెడింగులు రాకపోవడం. ప్రాపర్టీస్‌లో టిక్కు పెడితే సరిపోదు. గ్రూపుల పేన్‌లో అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి, పైన ఉన్న స్టాటిక్ వరుసకు రిపీట్‌ఆన్‌న్యూపేజ్ ట్రూ, కీప్‌విత్‌గ్రూప్ ఆఫ్టర్ అని ఇవ్వాలి.

రోజూ రాత్రి ఎనిమిదికి రిపోర్టు దానంతటదే మెయిల్‌లో రావాలని ఓనరుగారు అడిగితే మాత్రం ముందే చెప్పేయండి: ఎక్స్‌ప్రెస్‌తో ఆ సదుపాయం లేదు. రిపోర్టులను సర్వర్ నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ సర్వీసెస్‌కు 2022 వెర్షనే చివరిదన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: మా డేటా మైఎస్‌క్యూఎల్‌లో ఉంది. జాస్పర్‌రిపోర్ట్స్‌తో రైతు పట్టీ తెలుగులో చేయించాం. తెర మీద బాగానే ఉంటుంది, పీడీఎఫ్‌లో వత్తులు విడిపోతున్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చేయాలా?
*రొయ్యల కొనుగోలుదారు, భీమవరం*

జవాబు: అప్పుడే వద్దు. తెలుగు ఎలా పాడయిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. ప్రశ్నార్థకాలు వస్తే డేటాబేసు కాలమో కనెక్షనో యూనికోడ్‌లో లేదన్నమాట. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అనే యూనికోడ్ సెట్టింగు పెట్టాలి. అప్పటికే ప్రశ్నార్థకాలుగా నిల్వైన పేర్లు ఏ ఫాంటుతోనూ వెనక్కి రావు, మళ్లీ టైపు చేయాల్సిందే. ఖాళీ డబ్బాలు వస్తే ఆ మెషీన్‌లో తెలుగు ఫాంటు లేదు. ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం కనిపిస్తే అది అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన పాత డేటా. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే అక్షరక్రమం కూడా కుదరదు.

మీది వీటిలో ఏదీ కాదు. అక్షరం కింద వత్తును కూర్చోబెట్టే పని తెర మీద జావా (జాస్పర్‌రిపోర్ట్స్ నడిచేది దాని మీదే) చేస్తుంది, పీడీఎఫ్ రాసే భాగం చేయదు. ఫాంటును ఎక్స్‌టెన్షన్‌గా చేర్చి ఎంబెడ్ చేయడం (పీడీఎఫ్‌లోనే పొదగడం) అవసరమే, కానీ దాంతోనే వత్తులు కుదురుకోవు. రోజుకు ఇరవై పట్టీలే అయితే రిపోర్టును హెచ్‌టీఎంఎల్‌గా తీసి, క్రోమ్‌లో తెరిచి, అక్కడినుంచి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. పేజీలు విరిగేచోటు మారవచ్చు, చూసుకోండి. వందల్లో అయితే కొత్త వెర్షన్‌కు మారండి. కోరిన లిపి అక్షరాలను జావా చేతనే పేర్పించే సెట్టింగు అందులో ఉంది, మీ ప్రోగ్రామరును తెలుగుకు పెట్టమనండి.

పరీక్షకు ద్రాక్షారామ, ఆత్రేయపురం, ముక్తేశ్వరం, మార్టేరు ప్రింటు తీయండి. భీమవరం, ఆకివీడు, ఉండి సరిగ్గా పడ్డాయని సంబరపడితే లాభం లేదు, వాటిలో వత్తే లేదు.

ఇంకోమాట. రొయ్యల కౌంటును (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) టెక్స్టు కాలమ్‌లో పెట్టి ఉంటే 100 కౌంటు వచ్చి 30 కౌంటు పైన కూర్చుంటుంది. దాన్ని అంకెల కాలమ్‌గా మార్చండి.

ప్రశ్న: కొనుగోళ్ల రిపోర్టులో చెల్లింపుల టేబుల్ కలపగానే ధాన్యం మొత్తం అమాంతం పెరిగిపోతోంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా?
*తణుకు పాఠకుడు*

జవాబు: కాదు, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఇంతే. ఒక రైతు 75 కిలోల బస్తాలు 40 తోలాడనుకోండి, 30 క్వింటాళ్లు. అతనికి డబ్బు మూడు దఫాలుగా ఇచ్చారు. బిల్లు నంబరుతో రెండు టేబుళ్లూ కలిపితే ఆ తూకం మూడు వరుసల్లో వస్తుంది, మొత్తం 90 అవుతుంది. డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే తీసుకునేది) పెట్టి సరిచేద్దామనుకోకండి. ఒకే రోజు ఒకే తూకంతో వచ్చిన రెండు లోడ్లలో ఒకటి మాయమైపోతుంది, అది ఇంకా ప్రమాదం. చెల్లింపులను ముందు బిల్లువారీగా కూడి, ఒక్కో బిల్లుకు ఒక్కో వరుసగా చేసి, ఆ తర్వాత కొనుగోళ్లకు లెఫ్ట్ జాయిన్ చేయండి. ఇన్నర్ జాయిన్ అయితే ఇంకా పైసా అందని రైతు రిపోర్టులోంచి జారిపోతాడు. సబ్‌రిపోర్టుతోనూ (రిపోర్టు లోపల ఇంకో రిపోర్టు) చేయవచ్చు గానీ, 500 బిల్లులుంటే డేటాబేసును 500 సార్లు అడుగుతుంది, తెర అలా తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: మా కొబ్బరి కొట్టులో మూడు కాపీల బిల్లు డాట్ మాట్రిక్స్ మీద తీస్తాం. చీటీ ఎత్తు ఆరు అంగుళాలే, కానీ ప్రతి బిల్లు తర్వాతా కాగితం ఇంకా ముందుకు పోతోంది.
*అంబాజీపేట పాఠకుడు*

జవాబు: మీ రిపోర్టు ఏ4 ఎత్తుకు ఉంది. విండోస్ ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో 10 × 6 అంగుళాల కొత్త ఫారమ్ (కాగితం సైజు) చేసి పేరు పెట్టండి. ప్రింటరు సెట్టింగులోనూ రిపోర్టు పేజీ సెటప్‌లోనూ ఆ పేరునే ఎంచుకోండి. ఒకచోట మార్చి రెండోచోట వదిలేస్తే మళ్లీ అదే కథ. తెలుగు బిల్లులు గ్రాఫిక్స్‌గానే పడతాయి కాబట్టి ఇంగ్లీషు డ్రాఫ్టు అంత వేగం రాదు.