నీరసం తగ్గలేదంటున్నారు, షుగర్ చూశారా?

ప్రశ్న: బిర్యానీకి శనివారం రాత్రే చికెన్‌కు పెరుగు, నిమ్మరసం, మసాలా పట్టించాను. ఫ్రిజ్‌లో చోటు లేక గిన్నె గట్టు మీదే ఉంచి, ఆదివారం మధ్యాహ్నం వండాను. మర్నాటి నుంచి మా అత్తగారికి (68 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి) జ్వరం, నీళ్ల విరేచనాలు. మెడికల్ షాపు మాత్రలతో మోషన్లు తగ్గాయి గానీ నీరసం పోలేదు. పులుపుకి క్రిములు చావవా? మిగిలిన మసాలా కూరలో వేయొచ్చా?
- ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: మసాలా సంగతి తర్వాత. మాకు రాసేలోపే ఆవిడను ఒకసారి డాక్టరుకి చూపించాల్సిందమ్మా. గ్లూకోమీటర్ ఉంటే ఇది చదవగానే షుగర్ చూడండి. 70 లోపు ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి.

ఎందుకంటే మోషన్లకు కౌంటర్ మీద ఎక్కువగా ఇచ్చేది ఆఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిసిన మాత్ర. షుగర్ మందులు వాడేవాళ్లలో అది కొందరికి షుగర్‌ను బాగా పడగొడుతుంది. దాంతో పాటు మోషన్లు ఆపే లోపరమైడ్ కూడా ఇస్తుంటారు. జ్వరంతో వచ్చే విరేచనాలకు అది వేస్తే పేగు కదలిక మందగించి బయటికి తగ్గినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదరొచ్చు. మీరు ఏం వేశారో రాయలేదు. కత్తిరించిచ్చిన స్ట్రిప్ ముక్క మీద పేరు సగమే ఉంటుంది, అయినా పారేయకుండా పట్టుకెళ్లండి.

షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), సోడియం, పొటాషియం రక్తపరీక్షలు ఇవాళే చేయించడం మంచిది. మూత్రం బాగా తగ్గినా, మాట తడబడినా, మోషన్‌లో రక్తం పడినా నేరుగా ఎమర్జెన్సీకే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, కొన్ని బీపీ మాత్రలు ఇబ్బంది పెట్టొచ్చు. వాటిని ఆపాలో వద్దో ఆవిడ డాక్టరు చెప్పాలి, మీకు మీరు ఆపకండి. షుగర్ ఉందని ఓఆర్ఎస్ మాన్పించొద్దు. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో అడగండి.

చికెన్ వల్లేనని చూడకుండా చెప్పలేను, అనుమానం మాత్రం ఉంది. పెరుగు, నిమ్మరసం ముక్కను మెత్తబరుస్తాయంతే, వాటితో పచ్చి చికెన్‌లో ఉండే సాల్మొనెల్లా క్రిమి చస్తుందనుకోవద్దు. నానబెట్టడం ఫ్రిజ్‌లోనే, 4 డిగ్రీల లోపు, రెండు రోజులకు మించకుండా. ముక్క లోపల 74 డిగ్రీల వేడి తగలాలి. మిగిలిన మసాలా పారబోయండి.

అన్నట్టు, నానిన గిన్నెలో ఉప్పు చూసింది అత్తగారేనా? చాలా ఇళ్లలో అది పెద్దవాళ్ల పనే. పచ్చి ముక్కల క్రిములు అలా నేరుగా నోట్లోకి పోవచ్చు. ఇకమీదట ముక్కలు కలపకముందే చూడమనండి.
- జనరల్ ఫిజీషియన్, హైదరాబాద్