తాబేలు పిల్లలకు నాగజెముడు పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. మా అబ్బాయి పుట్టినరోజుకు రెండు సల్కాటా తాబేలు పిల్లల్ని కొన్నాం. రెండూ అరచేతిలో ఇమిడిపోతాయి. పెరటి గోడ పక్కన నాగజెముడు పొద ఉంది, అది మంచి మేత అని అమ్మినతను చెప్పాడు. మా అత్తగారిది ధర్మవరం. "జెముడు పాలు పడితే కళ్లు పోతాయి, పసిప్రాణులకు అది పెడతారా ఎవరైనా?" అంటున్నారు. ఆ ముళ్లు చూస్తే నాకూ టెన్షన్‌గానే ఉంది. పెట్టొచ్చా? ఎంత పెట్టాలి?
- ఒక పాఠకురాలు, చాండ్లర్

జవాబు: అమ్మా, మీ అత్తగారు చెప్పింది నిజమే, కాకపోతే అది వేరే మొక్క సంగతి. మన చేల గట్ల మీద కంచెగా ఉండే బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు గిల్లితే తెల్లగా పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, తాబేలు నోట్లో పడినా పుండు పడుతుంది. నాగజెముడుకు పాలుండవు. దాని మట్ట కోస్తే నీళ్లలాంటి జిగురు వస్తుంది, అంతే. మీ పెరట్లో మొక్క మట్టనొకటి అత్తగారి ఎదుటే కోసి చూడండి. తెల్లటి చుక్క కనిపిస్తే పెట్టవద్దు. అమెరికా నర్సరీల్లో కూడా పాలజెముళ్లను కాక్టస్ (నాగజెముడు జాతి) పేరుతో అమ్మేస్తుంటారు కాబట్టి ఈ పరీక్ష ఊరికే పోదు.

ఇక ముళ్లు. పొడుగాటి ముల్లు గురించి నాకు పెద్దగా బెంగ లేదు, అది కనబడుతుంది, తీసేస్తాం. భయపడాల్సింది నూగుకు. మట్ట మీద చుక్కలు చుక్కలుగా కళ్లలాంటివి ఉంటాయి చూడండి, ఒక్కో దాంట్లో వెంట్రుక కంటే సన్నటి ముళ్లు గుత్తిగా ఉంటాయి. వాటికి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, తాకితే చాలు ఊడివచ్చి దిగబడతాయి. అరిజోనా ఎడారిలో పెరిగిన పెద్ద తాబేళ్లు ముళ్లతో సహా నమిలేస్తాయి నిజమే. అది చూసి అరచేతిలో ఇమిడే పిల్లకు అలాగే పడేస్తే నాలుకలోనో కంటిలోనో గుచ్చుకుంటాయి. "ముళ్లు లేని రకం" అని అమ్మేదాన్నీ గుడ్డిగా నమ్మకండి. పెద్ద ముళ్లు లేకపోయినా నూగు కొంత ఉంటుంది.

లేత మట్టను పట్టకారుతో పట్టుకుని కోయండి. గ్యాస్ మంట మీద పచ్చడికి వంకాయ కాల్చినట్టు తిప్పండి, అయితే లోపల ఉడకకూడదు, పైన నూగు చిటపటమని మాడితే చాలు. అంచులు మర్చిపోకండి, ఎక్కువ నూగు అక్కడే. తర్వాత కుళాయి కింద పాత బ్రష్‌తో తోమి, ఒక్కో కన్నునూ కత్తి మొనతో గీకేయండి. మా రాయలసీమలో కరువు ఏళ్లలో ముళ్లు కాల్చి ఎద్దులకు వేసేవారు, పద్ధతి అదే. ఇంత ఓపిక లేకపోతే మెక్సికన్ కొట్లలో నోపాల్ పేరుతో ముళ్లు తీసిన పచ్చి మట్టలు దొరుకుతాయి. సీసాల్లో ఉప్పునీళ్లలో ఊరబెట్టినవి మాత్రం వద్దు.

పిల్లల నోటికి మందపాటి మట్ట అందదు. సన్నగా తరిగి, మెత్తగా కత్తిరించిన గడ్డిలో కలపండి. మేతను బల్లపరుపు రాయి మీద పెట్టండి. జిగురు ముక్క ఇసుకలో పడితే ఇసుకంతా దానికి అంటుకుని కడుపులోకి పోతుంది. ఇది చాలామంది పట్టించుకోరు.

ఎంత అంటారా? సల్కాటాది ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం, అది గడ్డి తినే ప్రాణి. కాబట్టి రోజువారీ మేతలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. మందు కొట్టని లాన్‌లోని బెర్ముడా గడ్డి, మల్బరీ ఆకు, మందారం ఆకులూ పూలూ పెట్టొచ్చు. నాగజెముడు వారానికి రెండు మూడుసార్లు, అదీ కొద్దిగా కలిపితే చాలు. మట్టలో దాదాపు తొంభై శాతం నీరే, ఎక్కువైతే విరేచనం పలచనవుతుంది. పండు తియ్యగా ఉంటుంది, ఎప్పుడైనా ఒక ముక్క, అంతకు మించి వద్దు. దానికీ నూగు ఉంటుంది సుమా. "కాక్టస్‌లో కాల్షియం బోలెడు" అనే మాట సగమే నిజం. ఉన్నదాంట్లో చాలా భాగం మొక్కలోనే ఉండే ఆక్సలేట్ అనే లవణంతో బిగిసిపోయి ఒంటికి పట్టదు. అందుకని కాల్షియం పొడి, యూవీబీ దీపం (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది) మానకండి. రోజూ కాసేపు గోరువెచ్చని నీళ్లలో గడ్డం మునగనంత లోతున కూర్చోబెట్టండి. ఆ ఎండ ఊళ్లో చిన్న తాబేళ్లకు ఒంట్లో నీరు తగ్గడమే పెద్ద ముప్పు, మూత్రాశయంలో రాళ్లకు అదొక ముఖ్య కారణం.

మీ పొద మీద తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే నలిపి చూడండి, వేలికి కుంకుమ రంగు అంటుతుంది. అది కోచినీల్ పురుగు. ఈ రంగు కోసమే పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు మద్రాసులో నాగజెముడు తోట వేయించాడు. పైపు నీళ్లతో గట్టిగా కడిగితే పోతుంది, మందు మాత్రం కొట్టవద్దు. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కనూ వెంటనే కోసి పెట్టవద్దు, మొక్క వేరు నుంచి మట్టల్లోకి ఎక్కే పురుగుమందులు వాడి ఉంటారు. నాటి, కొత్త మట్టలు వచ్చాక కోయండి. రోడ్డు పక్క ఎడారి మొక్కల జోలికి పోకండి, మీ రాష్ట్రంలో వాటికి చట్టరక్షణ ఉంది.

తాబేలు నోరు తెరిచి ముందుకాళ్లతో ముఖం రుద్దుకుంటున్నా, చొంగ కారుస్తున్నా, మేత మానేసినా ముల్లు గుచ్చుకుందని అనుమానించి సరీసృపాల డాక్టరుకు చూపించండి. మీరు పట్టకారు పెట్టి నోట్లో కెలకవద్దు.

మీరు అడగని మాట ఒకటి. రెండింటినీ ఒకే తొట్టిలో ఉంచితే ఒకటి రెండోదాన్ని అదిలిస్తుంది, అది సరిగా తినక ఎదగదు. విడివిడిగా ఉంచండి. సల్కాటా నలభై యాభై కిలోలు పెరుగుతుంది, గోతులు తవ్వుతుంది, మనకంటే ఎక్కువ కాలం బతకొచ్చు. మీ అబ్బాయి కాలేజీకి వెళ్లాక దాన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.

ప్రశ్న: మా వేరుశనగ చేలో వీపు మీద నక్షత్రాల్లాంటి గీతలున్న చిన్న తాబేలు దొరికింది. పిల్లలు పెంచుకుంటామంటున్నారు. నాగజెముడు పెట్టాలా?
- ఒక రైతు, మదనపల్లె

జవాబు: ఏమీ పెట్టకండి, ఇంట్లో ఉంచకండి. అది నక్షత్ర తాబేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. 2022 సవరణ తర్వాత అది మొదటి షెడ్యూల్‌లో ఉంది. పులి ఉన్న షెడ్యూలే అది. ఇంకా చేలోనే ఉంటే కదపకండి, దాని మేత అది వెతుక్కుంటుంది. ఇంటికి తెచ్చేసి ఉంటే దగ్గర్లోని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఏ చేలో, ఏ గట్టు దగ్గర దొరికిందో చెప్పి అప్పగించండి.